అమ్మవారి మీద నెపం

మా రైల్వే కాలనీ వీధిలో ఆడది నలుగురి ముందూ ఆడాలంటే ఒకటే దారి, అమ్మవారు పూనాలి. మగాళ్లకు ఆ బాధ లేదు. ఏటా అమ్మవారికి చేసే మాతా పూజ ఊరేగింపులో ఎంత పెద్ద రైల్వే ఆఫీసరైనా నడుం తిప్పుకుంటూ గోల్‌బజార్ దాకా పోవచ్చు. ఆడది కళ్లు మూసుకుని, జుట్టు విరబోసుకుని ఊగితే కాళ్లకు పసుపునీళ్లు పోస్తారు. కళ్లు తెరిచి నవ్వుతూ ఆడిందా, పరువు బజారున పడ్డట్టే.

మొన్నటి ఊరేగింపులో డప్పు కొట్టేవాళ్లలో ఒకాయన చెయ్యి నొప్పని ఆగితే, మా ఆయన ఆ డప్పు అందుకున్నారు. ఇంట్లో టీవీ రిమోట్ కూడా లేచి తీసుకోని మనిషి! చొక్కా చేతులు పైకి మడిచి, చెమటలు కారుతుంటే వాయిస్తున్నారు. ఇద్దరు పిల్లలు పుట్టాక నాకు ఆ మనిషి మీద కొత్తగా మోజు పుట్టింది. ఇందులో దాపరికమేముంది? కాళ్లు ఆగలేదు. ఆయన్నే చూస్తూ ఆడాను. ఆయనా నన్నే చూస్తూ దరువు పెంచారు.

డప్పు ఆగేసరికి అందరి కళ్లూ నా మీదే. పక్కింటి పెద్దావిడ చెవిలో గొణిగింది.

"ఇదేటే అమ్మా! బళ్లో పిల్లలకి సదువు సెప్పేదానివి. అమ్మోరు పూనిందని సెప్పేయ్, ఒగ్గేస్తారు."

ఒళ్లు మండిపోయింది. అమ్మవారి పేరు చెబితే చెల్లే ఆట, నా పేరు చెబితే ఎందుకు చెల్లదు?

మా అత్తగారు నన్నేమీ అనకుండా కొడుకును నిలదీశారు. "నీ పెళ్లానికి ఏటయిందిరా?"

నా తరఫున ఒక్క మాట అంటారని ఆయన వైపు చూశాను. ఆయన తల దించుకుని, "అమ్మోరు పూనిందమ్మా" అన్నారు.

ఇంతసేపూ నన్ను ఆడించిన మనిషి! ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఈలోగా ఎవరో పసుపునీళ్ల చెంబు తెచ్చారు. పొద్దున్నే పప్పులో ఉప్పెక్కువైందని నన్ను దులిపేసిన అత్తగారు భక్తిగా నా కాళ్ల ముందు వంగారు. ఊరుకుంటే ఆ పూటకు నేను దేవతను. కాళ్లు వెనక్కి లాక్కున్నాను.

"వద్దత్తయ్యా. నన్నెవరూ పూనలేదు. మీ అబ్బాయి డప్పు కొడతంటే ముచ్చటేసింది, ఆడినాను."

జనం గొల్లున నవ్వారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఇంటికి నడుస్తుంటే, "అంతమందిలో అలాగ సెప్పేస్తావేటి?" అన్నారు.

"మీరే సెప్పుంటే నేను సెప్పాల్సొచ్చేదా?"

ఆడుతున్నంతసేపూ నా మీంచి చూపు తిప్పని మనిషి, ఇల్లు చేరేదాకా నా మొహం చూడలేదు.