మా సైగలు నేర్చుకున్న టీచరమ్మ

మా అమ్మాయికి చదువు చెప్పే టీచరమ్మ పోయిందని పక్కింటామె మెట్ల కింద నిలబడి చేతులతోనే చెప్పింది. కింద మరమగ్గాలు నడుస్తుంటే మా ఇంట్లో ఎంత అరిచినా వినపడదు. బడి ఉన్న వైపు చూపించి, దండం పెట్టి, వేలు ఆకాశం వైపు ఎత్తింది. నాకు గుండె కలుక్కుమంది. ఆ వెంటనే, దాచడమెందుకు, ఇంకో మాట కూడా తోచింది. రేపు నేను పోయినా నా బిడ్డ ఈమె కోసం ఏడ్చినంత ఏడవదు.

ఆమె అంటే నాకు కుళ్లు. పోయిన మనిషి గురించి ఇలా రాయకూడదంటారు. కానీ పొగిడితే ఆమెకు చిరాకు. నా కుళ్లు సంగతి ఆమెకు ముందే తెలుసు కూడా.

సూరత్‌లో ఉన్ అనే పేట వైపు, మగ్గాల షెడ్డు మీది గదిలో మా కాపురం. మా పిల్ల మాటలకన్నా ముందు సైగలు నేర్చింది. రమ్మనాలంటే అరచేతిని గుండెకు లాక్కుంటాను. ఆగమనాలంటే పిడికిలి ఎత్తుతాను, షెడ్డులో మిషన్ ఆపమని మావాళ్లు ఎత్తినట్టే. ఉత్త నోటితో పిలిస్తే ఆ పిలుపు తనకోసమేనని దానికి తోచేది కాదు.

బడి మొదలైన కొత్తలో టీచరమ్మ పిల్లలందరినీ ఆవరణలోకి తీసుకుపోయేది. కొంగున కట్టుకున్న సుద్దముక్క తీసి గీత గీసి, దాని మీద నడిపించేది. గెంతించేది, బంతి పట్టించేది, పూసలు గుచ్చించేది. ఎవరి చేతులు, కాళ్లు ఎంతవరకు కుదురుకున్నాయో చూడటానికని పిల్లలకు తెలియదు, వాళ్లకది ఆటే. మా పిల్ల మాత్రం గోడకు అంటుకుపోయింది. ఎంత పిలిచినా కదల్లేదు. చెవుడేమోనని నాతోపాటు నిలబడి చూస్తున్న ఇంకో తల్లి అనేసింది. ఈ బడిలో ఇక ఉంచుకోరేమోనని నాకు భయమేసింది.

"చెవులు మంచిగనే ఉన్నయమ్మా. బంతి పడ్డ చప్పుడుకు తిరిగి చూసింది. ఇంట్ల ఎట్లుంటదో జర చూడనీ" అంది టీచరమ్మ.

సాయంత్రం వచ్చి మెట్ల మీద కూర్చుని మా ఇద్దరినీ చూసింది. సైగలు ఒక్కొక్కటే అడిగి నేర్చుకుంది. తప్పు చేస్తే నేనే దిద్దాను, ఎంత గొప్పగా దిద్దానో! నాకే సొంతమైనదాన్ని నా చేతులతోనే అప్పజెబుతున్నానని అప్పుడు తెలియలేదు.

మర్నాడు ఆమె సుద్దగీత చివర నిలబడి అరచేతిని గుండెకు లాక్కుంది. నా బిడ్డ గోడను వదిలింది. తూలుకుంటూ గీత మీద నడిచి, చివర రెండు కాళ్లతో గెంతి ఆమె మీద పడింది. సంతోషంతో ఏడ్చాను, అబద్ధం కాదు. కానీ ఆ సైగకు అది నా దగ్గరికే వచ్చేది. అంతవరకు ఇంకెవరి దగ్గరికీ పోలేదు.

ఆ తర్వాత క్లాసంతా మా సైగలతోనే ఆడింది. ఆమె పిడికిలి ఎత్తితే అందరూ ఉన్నచోటే ఆగిపోవాలి. ఇంట్లో మా పిల్ల నన్నే దిద్దడం మొదలుపెట్టింది. "గట్ల కాదు మమ్మీ, టీచర్ ఏళ్లు దగ్గర పెడ్తది. దేఖో, గిట్ల!" నాకు ఒళ్లు మండిపోయింది. ఒకరోజు ఉండబట్టలేక ఆమెతోనే అనేశాను.

"ఇగ మీరే సాదుకోండ్రి నా పిల్లను."

ఆమె కోపం తెచ్చుకోలేదు. "నీ పిలుపుకే వచ్చిందమ్మా అది, నాకేం కొత్త ఇద్యలు రావు. కుళ్లుకుంటే కుళ్లుకో, ఫరక్ లేదు. గని రేపటి సంది ఎత్తుకొని తేకు, నడిపించుకొని రా" అంది.

నిన్న బడిలో ఆమె ఫొటోకు దండ వేశారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి మౌనంగా ఉండమన్నారు. మా పిల్ల వరసలోంచి బయటికి వచ్చింది. ఫొటో ఎదురుగా నిలబడి అరచేతిని గుండెకు లాక్కుంది, నేను చేసినట్టే. కాసేపు చూసింది. తప్పుగా చేశాననుకుందేమో, వేళ్లు దగ్గరికి సర్దుకుంది. ఈసారి టీచరమ్మ చేసినట్టు చేసి, ఫొటో వైపే చూస్తూ నిలబడింది.