ఎల్లేశం ఎక్కితే కదలని బండి

మా ఎల్లేశమన్న గురించి చెప్పాలంటే ముందు ఆ గడ్డి కోసే బండి గురించి చెప్పాలి. ఆ రెండింటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు పోతుంటే, మెట్రో స్తంభాల వెనక ఎత్తైన ప్రహరీ ఉన్న ట్రైనింగ్ సంస్థ మాది. బయటంతా హారన్ల మోత. గేటు దాటితే లోపల పచ్చగడ్డి మైదానం. ఆ సంస్థలో క్యాంటీన్ నడుపుతాను. నా పేరు స్వరాజ్యం. అంతకుముందు ఎస్.ఆర్. నగర్‌లో హాస్టల్ పిల్లలకు మెస్ నడిపాను. మైత్రీవనంలో కోచింగ్ అయిపోయి ఆవురావురుమంటూ వచ్చే పిల్లలకు వడ్డించి వడ్డించి, నా ఒళ్లు కూడా వడ్డించిన విస్తరిలా నిండుగానే తయారైంది. దాచడమెందుకు, ఈ కథలో నా బరువుకు పనుంది.

ఎల్లేశమన్నది సిరిసిల్ల. సాంచాల మోతలో, అంటే మరమగ్గాల మధ్య, పుట్టి పెరిగిన మనిషి. అక్కడ మగ్గాలు బందు పడ్డాక భార్య పోశవ్వను వెంటబెట్టుకుని పట్నం వచ్చి, మా సంస్థలో తోటపనికి కుదిరాడు. మనిషి మొదటి నుంచీ బక్కపలచనే. పోశవ్వకు కూడా ఇక్కడే గడ్డిలో కలుపు తీసే పని దొరికింది. కొన్నాళ్లకు ఎవరో పెద్ద సారు ముచ్చటపడి, ఎక్కి కూర్చుని నడిపే గడ్డి కోసే బండిని పరదేశం నుంచి తెప్పించాడు. చూడ్డానికి చిన్న ట్రాక్టర్‌లా ఉంటుంది. మిగతా మాలీలు దాని దగ్గరికి పోవడానికి జంకితే, ఎల్లేశమన్న ఇంజను మీద చెవి పెట్టి విని, "మా సాంచా కంటె సుతారంగనే ఉన్నది" అని ఎక్కి కూర్చున్నాడు. ఆ తర్వాత దాన్ని ఇంకొకరిని ముట్టనిస్తే ఒట్టు.

ఆ బండికి ఒక గుణముంది. నడిపేవాడు సీటు మీంచి లేచాడా, టక్కున ఆగిపోతుంది. కింద బ్లేడు తిరుగుతుంటుంది కదా, మనిషి జారిపడితే కాళ్లూ చేతులూ తెగకుండా పెట్టిన ఏర్పాటది. మాకందరికీ తెలిసిన సంగతే. అందుకే నీళ్లు తాగాలన్నా ఎల్లేశమన్న దిగేవాడు కాదు. పోశవ్వే వచ్చి చెంబు అందించేది.

"నన్ను సుత ఒక్కపారి ఎక్కించరాదు?" అని అడిగేది చెంబు వెనక్కి తీసుకుంటూ.

"ఆడోళ్లు ఎక్కే బండా ఇది? పో, పోయి కలుపు తియ్యి" అనేవాడు.

క్యాంటీన్ మెట్ల మీద కూర్చున్న మేమంతా నవ్వేవాళ్లం. పోశవ్వ కూడా నవ్వేది. అడగడం మాత్రం మానలేదు.

మొన్న ఎండాకాలం మొదట్లో పోశవ్వ పోయింది. కడుపులో నొప్పని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే వాళ్లకేదో కోరిక మిగిలిపోయిందని మా నమ్మకం. బల్కంపేటలో వాళ్లు అద్దెకుండే ఇంటి డాబా మీద అన్నం, కోడికూర, సర్వపిండి, గ్లాసులో కల్లు పెట్టాం. నేనూ అక్కడే ఉన్నాను.

కాకి రాలేదు. ఈ పట్నంలో కాకులెక్కడున్నాయి? పావురాలు మాత్రం గుంపుగా దిగాయి, కానీ అవి లెక్కలోకి రావు. "నీ బిడ్డను మంచిగ సూసుకుంటం పోశవ్వా, ముట్టు" అని ఒకరు, "నీ మొగన్ని ఒంటరిగ ఇడువం, ముట్టు" అని ఇంకొకరు మొక్కుకున్నారు. ఎండ నెత్తికెక్కింది. చివరికి కులపెద్ద, "ఆవుకు పెడదాం, గది సుత పుణ్యమే" అని తేల్చేశాడు. అందరూ స్నానాలు చేసి భోజనాలకు కూర్చున్నారు. ఎల్లేశమన్న కూర్చోలేదు. దుఃఖంలో ఉన్నాడు కదా, ఏం తింటాడని ఎవరూ బలవంతపెట్టలేదు.

ఆ ఎండాకాలమంతా గడ్డి మాడిపోయింది. బోరులో నీళ్లు అడుగంటాయి. బండి షెడ్డులోంచి బయటికే రాలేదు. ఎల్లేశమన్న బకెట్లతో నీళ్లు మోసి మొక్కల ప్రాణం నిలిపాడు. మధ్యాహ్నం కాగానే ఇంట్లో వండుకొచ్చిన అన్నం డబ్బా పట్టుకుని పంపుహౌస్ వెనక్కి పోయేవాడు.

"తిన్నవా అన్నా?"

"తిన్న చెల్లె."

మన దగ్గర ఇది పలకరింపు. రోజంతా అందరం అందరినీ అడుగుతూనే ఉంటాం, అవతలివాడు తిన్నాననే అంటాడు, ఇవతలివాడు నమ్ముతాడు. సిరిసిల్ల నుంచి కూతురు రజని ఫోన్ చేసి అడిగినా అదే జవాబు. వదులు చొక్కా వేసుకునే మనిషి, అందులో ఏం మిగిలిందో ఎవరు చూడొచ్చారు?

వానలు పడ్డాయి. గడ్డి మోకాళ్ల దాకా లేచింది. మా సంస్థ వార్షికోత్సవం ఆ మైదానంలోనే. ఎస్టేట్ ఆఫీసరు కృష్ణమోహన్ గారు, రాజమండ్రి వైపు మనిషి, వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"ఏంటండీ ఇది, అడవిలా ఉంది! పాములొచ్చేస్తాయి. బండి తియ్యండి ఎల్లేశం గారూ."

ఎల్లేశమన్న బండి తుడిచి, బొట్టు పెట్టి, ఎక్కి కూర్చుని తాళం తిప్పాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కనీసం టిక్కుమనైనా అనలేదు.

పంజాగుట్టలో చిన్న ఇంజన్లు బాగుచేసే సురేందర్‌ను పిలిపించారు. వాడు మంచి పనివాడు, నోరు మాత్రం అదుపులో ఉండదు. బ్యాటరీ దిగిపోయిందని ఛార్జి పెట్టాడు. ఎండాకాలమంతా నిలవున్న పెట్రోలు పారబోసి కొత్తది పోశాడు. ప్లగ్గు ఊడదీసి గీకాడు. తర్వాత తనే సీటెక్కి తాళం తిప్పితే బండి బుర్రుమని లేచింది. "అయిపాయె, ఫికర్ చెయ్యకుండ్రి" అని టీ తాగి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున ఎల్లేశమన్న ఎక్కితే మళ్లీ అదే మౌనం.

సురేందర్ మళ్లీ వచ్చాడు. కార్బురేటర్ విప్పాడు, వైర్లు తడిమాడు, ఎలుకలేమన్నా కొరికాయా అని పడుకుని చూశాడు. సీటెక్కి తిప్పితే బండి మళ్లీ లేచింది. వాడు గేటు దాటాక ఎల్లేశమన్న ఎక్కితే మళ్లీ చచ్చినట్టు పడుంది.

ఈలోగా పైవాళ్లు కృష్ణమోహన్ గారిని చీవాట్లు పెట్టారట. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ఆయన నేరుగా షెడ్డు దగ్గరికొచ్చాడు.

"మెకానిక్ ఎక్కితే నడుస్తుంది, మీరెక్కితే నడవదు. ఏంటిది? చెయ్యాలని లేకపోతే చెప్పండి. శుక్రవారం లోపు గడ్డి కొయ్యకపోతే తోటంతా కాంట్రాక్టుకిచ్చేస్తాను. మిమ్మల్ని ఉంచడం నా చేతుల్లో ఉండదు."

ఆయన వెళ్లాక ఎల్లేశమన్న క్యాంటీన్ మెట్ల మీద కూలబడ్డాడు.

"పోశవ్వనే ఎక్కనిస్తలేదు చెల్లె" అన్నాడు మెల్లగా. "ఈ గడ్డిల ఏండ్లకేండ్లు కూసున్నది. నన్ను ఈడికెల్లి ఎల్లగొడితే నేను ఏడికి పోవాలె?"

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. సురేందర్‌కు ఫోన్ చేసి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను.

వాడు మూడోసారి వచ్చాడు. ఈసారి వాడి ముందే ఎక్కమన్నాను. ఎల్లేశమన్న ఎక్కి తాళం తిప్పాడు. ఏమీ లేదు. సురేందర్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

"నీ యవ్వ, ఏం బండిరా బై ఇది! మనిషిని సూసి నడుస్తదా?"

"జరుగన్నా, దాని సంగతేందో నేను సూస్త" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు, కోపంలో అన్నాను. చీర కుచ్చిళ్లు దోపుకుని సీటెక్కి తాళం తిప్పాను.

బండి బుర్రుమంది.

 ఎల్లేశమన్న నోరు తెరిచి చూస్తున్నాడు. సురేందర్ మాత్రం నన్ను చూడడం లేదు, సీటును చూస్తున్నాడు.

"అక్కా, దిగు. ఎల్లన్నా, నువ్వు ఎక్కు" అన్నాడు.

నేను దిగగానే బండి ఆగింది. ఎల్లేశమన్న ఎక్కి తిప్పితే మళ్లీ లేవలేదు. సురేందర్ ఎల్లేశమన్న వెనక్కి వెళ్లి రెండు చేతులతో సీటును కిందికి అదిమి, "ఇప్పుడు తిప్పు" అన్నాడు. బండి లేచింది. చేతులు తీశాడు. ఆగిపోయింది.

 సంగతేమిటో సురేందరే చెప్పాడు. సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది. మనిషి బరువు పడితేనే అది దిగుతుంది, దిగితేనే ఇంజనుకు కరెంటు అందుతుంది. పరదేశపు బండి, స్ప్రింగు గట్టిది. ఎల్లేశమన్న బరువు ఇన్నాళ్లూ దానికి అంతంతమాత్రంగా సరిపోతూ వచ్చింది. ఇప్పుడు సరిపోవడం లేదు.

"బండికేం రోగం లేదక్కా. ఎల్లన్న కూసుంటే, సీటు మీద ఎవ్వలు లేరనుకుంటున్నది" అన్నాడు. వాడి నోట్లోంచి అంత మెల్లగా మాట రావడం నేనెప్పుడూ వినలేదు.

నేను ఎల్లేశమన్న చెయ్యి పట్టుకున్నాను. చొక్కా చేతిలో కట్టెపుల్లంత చెయ్యి ఉంది.

"అన్నా, నిజం చెప్పు. ఎన్నాళ్లాయె నువ్వు తినక?"

తల వంచుకున్నాడు. పంపుహౌస్ వెనక గోడ మీద రోజూ డబ్బా మూతలో అన్నం పెడుతున్నాడట. కాకి ముట్టాక తను తినాలని. కాకి రాదు. ఉడతలు, పావురాలు తినిపోతాయి. తను పొద్దునా రాత్రీ చాయ్, అందులో ముంచుకుని ఓ బన్ను, మరీ కళ్లు తిరిగితే రెండు బిస్కెట్లు.

"దానికేం కోరిక మిగిలిందో ఎరుక లేదు చెల్లె. అది ముట్టంది నేనెట్ల తినాలె?"

"అయ్యో నా అన్నా" అన్నాను. 

సురేందర్ ముక్కు తుడుచుకుని, "రెండు వైర్లు కలుపుత అక్కా. స్విచ్‌తోని పనే లేకుంట అయితది. జర సేపట్ల పని" అన్నాడు.

"కలిపితే నీ చేతులు ఇరగ్గొడ్త. తిండి లేని మనిషి, కండ్లు తిరిగి పడితే? బ్లేడు ఆగుతదా?"

"మరి శుక్రవారం?"

"నేను నడుపుత" అన్నాను. "అన్న పక్కన నడుసుకుంట చెప్తడు. కాంట్రాక్టు సంగతి సార్‌తోని నేను మాట్లాడుత."

ఎల్లేశమన్న నా వైపు చూశాడు. ఆడోళ్లు ఎక్కే బండి కాదంటాడేమో అనుకున్నాను.  "పోశవ్వ సుత అడిగేది" అన్నాడు. "ఒక్కపారి ఎక్కించుమని. నవ్వులాటకంటున్నదనుకున్న." అంటూనే చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె పోయిననాడు కూడా అలా ఏడవలేదు.

నేను ఎక్కాను. "ఎడమకు తిప్పు, జర మెల్లగ, గట్ల" అంటూ ఆయన పక్కన నడిచాడు. మొదటి వరుస పాములా వంకరపోయింది. కృష్ణమోహన్ గారు ఆఫీసు వరండాలోకి వచ్చి, "ఏంటండీ స్వరాజ్యం గారూ, మీరా!" అని అరిచాడు. గడ్డి కావాలా వద్దా అని నేనూ అరిచాను. ఆయన రెండు చేతులూ ఎత్తేసి లోపలికి వెళ్లాడు.

మోకాలెత్తు గడ్డి తెగుతుంటే అందులోంచి మిడతలు, పురుగులు ఎగిరాయి. ముందు గోరింకలొచ్చాయి. తర్వాత ఎక్కడి నుంచో నాలుగు తెల్లకొంగలు దిగి బండి వెనకే నడిచాయి. పురుగుల కోసం పిట్టలొస్తాయని నాకు తెలియదా? తెలుసు. తెలిసినా, పంపుహౌస్ మలుపు తిరిగేసరికి గోడ మీద నల్లగా కనిపించిన దాన్ని చూసి ఆ సంగతే మరిచిపోయాను. ఆ గోడ మీద ఎల్లేశమన్న డబ్బా మూతలో ఆనాటి అన్నం ఉంది.

"అన్నా, గోడ!" అంటూ ఉన్నపాటున లేచి నిలబడ్డాను.

నేను లేవగానే బండి ఆగిపోయింది. మైదానమంతా నిశ్శబ్దమైంది. కాకి తల పక్కకు వంచి మమ్మల్ని చూసింది. మూత దగ్గరికి గెంతింది. ఒక ముద్ద ముక్కున కరుచుకుని ప్రహరీ మీదుగా బేగంపేట వైపు ఎగిరిపోయింది.

ఎల్లేశమన్న రెండు చేతులూ జోడించాడు. "ముట్టింది చెల్లె. ముట్టింది" అన్నాడు. అది పోశవ్వేనా అని నన్నడిగితే నేనేం చెప్పను? ఆ గడ్డిలో నిలబడి నేనూ చేతులు జోడించాను, అంతవరకే చెప్పగలను.

అలవాటు తప్పిన పేగులు కదా, మొదట్లో రెండు ముద్దలు తింటే మూడోది దిగేది కాదు. గంజితో మొదలుపెట్టాను, మెత్తటి పప్పన్నంలోకి వచ్చాను, డబ్బా దాచేసి క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చోబెట్టాను. తిన్నవా అని అడగడం మానేశాను. కూర్చుని చూసేదాన్ని. వార్షికోత్సవం బాగా జరిగింది. వంకర వరుసలు ఎవరి కంటా పడలేదు. కృష్ణమోహన్ గారు కాంట్రాక్టు మాట మళ్లీ ఎత్తలేదు. "ఆయన కోలుకునేదాకా మీరే నడపండి" అన్నాడు.

రోజూ పొద్దున డ్యూటీ ఎక్కగానే ఎల్లేశమన్న షెడ్డులోకి వెళ్లి సీటెక్కి తాళం తిప్పి చూసేవాడు. ఏ చప్పుడూ వచ్చేది కాదు. దిగి, బండిని ఒకసారి తట్టి, క్యాంటీన్‌కు వచ్చి ఇంకో గరిటె వడ్డించమనేవాడు.

బతుకమ్మ పండుగ దగ్గర పడిన ఒక పొద్దున, నేను ఉప్మాలో పోపు వేస్తున్నాను. షెడ్డు వైపు నుంచి బుర్రుమని మోత వినిపించింది. గరిటె చేతిలో ఉండగానే బయటికి పరుగెత్తాను. బండి షెడ్డులోంచి మెల్లగా గడ్డిలోకి వస్తోంది. సీటు మీద ఎల్లేశమన్న ఒక్కడే ఉన్నాడు, చుట్టూ ఎవరూ లేరు, వెనక ఎవరి చేతులూ లేవు. నన్ను చూసి ఏదో అరిచాడు. ఆ మోతలో నాకు వినపడలేదు.

"ఏందన్నా?" అని నేనూ అరిచాను.

చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని ఇంకా గట్టిగా అరిచాడు.

"ఆకలైతున్నది చెల్లె!"