పేరు పలకనివాళ్లు

మొన్న పక్కింటి గోడలకు సున్నం కొడుతుంటే, ఆ ఘాటుకు పిడుగురాళ్ల గుర్తొచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. నాన్న సున్నం బట్టీలో పనిచేసేవాడు. బడి లేని రోజుల్లో పక్కింటి బాషా అన్న కంప్యూటర్లో దయ్యాల గేమ్ ఆడుతుంటే వెనక నిలబడి చూసేదాన్ని. అందులో ఒక ఊరి మీదికి తెల్లటి మంచు దిగుతుంది. ఆ మంచులోంచి మనవాళ్లే నడిచొస్తారు, కానీ వాళ్లు మనవాళ్లు కారు.

"మరి ఎట్టా తెలుసుద్దన్నా?" అని అడిగాను.

"మొహం అదే, గొంతూ అదే. మన పేరు మాత్రం పలకలేరు. అట్టాంటోళ్లకి తలుపు తీశావా, అయిపోయినట్టే."

ఒక మధ్యాహ్నం అమ్మ మిరపకాయ కోతకు వెళ్లింది. నేనొక్కదాన్నే ఇంట్లో ఉన్నాను. గాలి లేచి బట్టీల దుమ్ము వీధంతా కమ్మేసింది. ఎదురిల్లు కూడా కనిపించలేదు. అంతలో ఎవరో తలుపు తట్టారు. కిటికీలోంచి చూస్తే జుట్టు, కనురెప్పలు, పెదాలు అన్నీ తెల్లగా ఉన్న మనిషి.

"ఏమే, తలుపు తియ్యి." అది నాన్న గొంతే.

"నా పేరేంది?" అన్నాను లోపల్నించే.

జవాబు చాలా మెల్లగా వినిపించింది.

"నాగరత్నం... మా అమ్మ పేరే నీకు పెట్టుకున్నా. కన్నతల్లిని పేరు పెట్టి ఎట్టా పిలిచేదే?"

గడియ తీశాను. నాన్న డ్రమ్ము దగ్గర మొహం కడుక్కుంటే తెల్లనీళ్లు కారిపోయి, అడుగున మా నాన్నే బయటపడ్డాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన నవ్వు దగ్గులోకి తిరిగి ఎంతకీ ఆగలేదు.

"ఏం లేదులేవే, దుమ్ము" అన్నాడు.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఆ దగ్గుతోనే పోయాడు. దుమ్ములోంచి వచ్చే మనుషులకు భయపడ్డానే గానీ, దుమ్ముకు భయపడాలని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.