కోటిరత్నం కుట్టిన రాళ్లు

చిన్న చేప తోక సగానికి సగం పోయింది. కోటిరత్నం పొద్దున్నే పొయ్యి ముట్టించకముందే గాజుతొట్టి దగ్గరికి పోయి చూసేసరికి అది గాలిగొట్టం వెనక మూలకి నక్కి ఉంది. పెద్దది మాత్రం ఆ తొట్టి తన తాతల నాటి మాగాణి అయినట్టు ఈ కొస నుంచి ఆ కొసకి తిరుగుతోంది. రెండూ ఒకే జాతి, ఒంటినిండా నల్లచారలు. ఒకే పూట ఒకే ప్లాస్టిక్ కవర్లో ఆ ఇంటికి వచ్చాయి. వచ్చినప్పుడు రెండూ గోరంతే.

తెచ్చింది జెస్సీ. కోటిరత్నానికి ఒక్కగానొక్క బిడ్డ. డిగ్రీ అయ్యీ అవగానే గుంటూరులోనే ఒక ప్రైవేటు బళ్లో టీచరుగా కుదిరింది. కుదిరిన రోజే, "ఇంక యార్డుకి పోవద్దమ్మా, చాల్లే" అని తల్లిని పని మాన్పించింది. పెళ్లైన దగ్గర్నుంచి మిర్చియార్డులో బస్తాల మూతులు కుట్టిన చేతులు కోటిరత్నానివి. ఎంత కడిగినా ఆ మంట పోయేది కాదు. కూతురు అన్నం కలిపిపెట్టమంటే గరిటెతో కలిపేది. పని మానేశాక గాని చేత్తో కలిపి ముద్ద పెట్టలేదు. ఆ సంబరం ఎంతో కాలం లేదు. వానాకాలంలో మెదడువాపు జ్వరం వచ్చి జెస్సీ పోయింది.

ఆ పిల్ల పోయాక చేపలు పెరిగాయి. పెరిగాక పోట్లాట మొదలైంది.

"ఇది ఇవాళో రేపో చచ్చిపోద్ది రత్నం," అన్నాడు మొగుడు ప్రేమదాసు వెనక నిలబడి. అతను మిర్చి కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్. రాత్రి డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. "రెండిట్నీ తీసకపోయి కొట్లో ఇచ్చేసొస్తా. ఆ అబ్బాయి వేరే వేరే తొట్లలో వేసుకుంటాడు."

"రెండూ దానివే."

"దానివే. కాదన్నానా? నువ్వు పొద్దస్తమానం ఈ అద్దం ముందు కూచుంటే నేను చూళ్లేకపోతున్నా. ఇదిగూడా మన కళ్ల ముందే చస్తే ఏం చేస్తావు?"

కోటిరత్నం మామూలుగానే మాట తక్కువ మనిషి. కూతురు పోయాక ఆ కాస్తా తగ్గింది. కానీ ఆ పూట తల తిప్పి మొగుడి మొహంలోకి చూసింది.

"వచ్చే నెల మొదటి ఆదివారం దాకా ఆగయ్యా. అప్పటికీ ఇట్టాగే ఉంటే నువ్వన్నట్టే కానీ."

కూరగాయలు కడిగే ప్లాస్టిక్ బుట్టని తొట్టిలో ఒక మూల బోర్లించి చిన్నదాన్ని అందులోకి తోలింది. దెబ్బలు తప్పాయి. కానీ ఆ బుట్టలో చేప మేత ముట్టలేదు. పెద్దది బయట నుంచి బుట్ట చుట్టూ తిరుగుతూంటే అది బిగుసుకుపోయి ఉండేది. కొట్లాట ఆగినా తిండి లేక పోయేట్టే ఉంది.

కొత్తపేటలో చేపల కొట్టు ఖాజావలిది. జెస్సీ చేపలు కొన్నది అక్కడే. అతను విషయం విని, "కుండ పెంకేదన్నా పెట్టావా అమ్మా?" అన్నాడు.

"పెట్టా. దాంట్లో పెద్దది దూరి కూచుంది."

"కూచోదా మరి! ఒక్క ఇల్లు కట్టిస్తే బలమున్నోడిదే అయిద్ది. వాడు కాపలా కాయలేనన్ని సందులుండాలి. చిల్లుల రాళ్లు తెచ్చి గుట్టలా పేర్చు. ఒక సందులో తరిమితే ఇంకో సందులోంచి బయటపడాలి. నా దగ్గరున్నయి రంగులేసిన బొమ్మరాళ్లు. అవి నీకు పనికిరావు." మళ్లీ తనే, "సున్నపురాయి పెట్టొద్దు, నీళ్లు చెడతయి. నిమ్మకాయ పిండి చూడు. నురగొస్తే సున్నం. ఇంకోటి, గుట్ట మాత్రం పడకూడదు. ఈ జాతి కింద ఇసకంతా తవ్వుద్ది. రాయి జారిందంటే అద్దం పగులుద్ది, ఇల్లంతా నీళ్లే," అన్నాడు.

చిల్లుల రాళ్లెక్కడున్నాయో కోటిరత్నానికి తెలుసు. ప్రత్తిపాడు వైపు పల్లెలో గురవమ్మ పత్తిచేలో బావి తవ్వినప్పుడు తేనెతుట్టెల్లాంటి ఎర్రరాళ్లు పైకొచ్చి గట్టు మీద పడి ఉన్నాయి. గురవమ్మ యార్డుకి మిరపకాయలు తోలుకొచ్చిన రోజుల్నించీ ఎరుక. బస్సు దిగి చేలోకి నడిచి, అడిగింది.

"రాళ్లా?" అంది గురవమ్మ నడుం మీద చెయ్యేసుకుని. "కూరగాయలు పట్టకపోతావనుకున్నా. రాళ్లేం చేసుకుంటావే, పులుసు పెడతావా?"

"చేపలకక్కా."

"చేపల పులుసులోకి రాళ్లేంటే?"

కోటిరత్నం పెదాల చివర నవ్వొచ్చింది. చాలా రోజులకి వచ్చిన నవ్వు. సంగతి చెప్పింది. జెస్సీ పేరు వినగానే గురవమ్మ హాస్యం మానేసి, వంగి తనే రాళ్లు ఏరింది. చిన్నచిన్నవి కాకుండా రెండు వేళ్లు దూరేటంత సందులున్నవి చూసి సంచిలో వేసింది. బస్సులో కండక్టరు ఆ సంచి ఎత్తబోయి, "ఏందమ్మా ఇందులో, ఊరు ఎత్తకపోతున్నావా?" అన్నాడు.

ఇంటికొచ్చి నిమ్మకాయ పిండింది. నురగ రాలేదు. పాత టూత్‌బ్రష్షుతో ఒక్కో చిల్లూ తోమింది. లోపల్నించి నల్లమట్టి, చీమలు, ఎండిన వేళ్లు వచ్చాయి. ప్రేమదాసు చూసి, "కుండలో వేసి ఉడకబెట్టు, పీడాపోద్ది," అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. వానలో నానిన పొయ్యిరాయి మంట తగిలి టపాకాయలా పేలడం చిన్నప్పుడు చూసింది. ఇన్ని చిల్లులున్న రాయిలో నీరు ఎక్కడ దాక్కుందో ఎవరికి తెలుసు? ఎండలో బాగా ఆరబెట్టి, మీద మరిగే నీళ్లు పోసి, బకెట్లో నానబెట్టింది. రోజూ నీళ్లు మార్చింది. మొదట్లో ఎర్రగా వచ్చిన నీళ్లు తేటపడ్డాయి. ముక్కు దగ్గర పెట్టి చూసినా వాసన లేదు. ఇక చాలనుకుంది.

పెరట్లో ఒక సొట్టబేసినులో దోమపిల్లలు పెరుగుతుంటాయి. చేపలకి వాటికంటే ఇష్టమైన మేత లేదని జెస్సీ అలవాటు చేసింది. ఆ పూట కోటిరత్నం టీ వడగట్టే జల్లెడతో వాటిని పట్టి చేపలకి వేసి, జల్లెడకి అంటుకున్నవాటిని రాళ్ల బకెట్లోనే జాడించింది. బట్టలారేసి తిరిగొచ్చేసరికి అవి ఒక్కటీ మెలి తిరగడం లేదు. నూలుపోగుల్లా తిన్నగా సాగి నీళ్ల మీద తేలుతున్నాయి.

ఆమె అక్కడే గొంతుకూచుంది. మళ్లీ కొన్ని తెచ్చి వేసింది. కదలకుండా చూసింది. కాసేపు ఈదాయి, తర్వాత నెమ్మదించాయి, తర్వాత ఆగిపోయాయి. బేసిను పక్కనే ఉంది. అదే కుళాయి నీళ్లు, అదే నీడ. అందులోవి మెలికలు తిరుగుతూనే ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ రాళ్లు ఎక్కడ పడి ఉన్నాయో. పత్తికి కొట్టే మందు కలిపే డ్రమ్ము పెట్టేది వాటి మీదే. ఏళ్ల తరబడి ఒలికిన మందంతా ఆ చిల్లులు తాగి కూచున్నాయి.

"కడిగావుగా. ఇంకో నాలుగుసార్లు కడుగు," అన్నాడు ప్రేమదాసు.

"లాభం లేదు."

"మరి?"

"వేరేవి తెస్తా."

"ఆదివారం దగ్గరకొచ్చింది రత్నం. అదిక్కడ బుట్టలో ఎండిపోతోంది."

ఆమె చెప్పులు తొడుక్కుంది. ఆ రాళ్లు ఇంకెవరికీ అందకుండా అదే సంచిలో వేసుకుని, వాటినీ మోసుకునే బస్సెక్కింది.

గురవమ్మ మొదట నొచ్చుకుంది. "నా చేలో రాళ్లకి విషమంటావేందే? బంగారమడిగినట్టు అడిగి తీసకపోయి ఇప్పుడు వంకలు పెడుతున్నావు."

"వంక కాదక్కా. నువ్వే చూడు." చేలో గాబు నీళ్లు చెంబుతో ముంచి అందులో ఆ రాయి ముక్కొకటి వేసి, గాబులోని దోమపిల్లల్ని దోసిట్లో తెచ్చి వదిలింది. ఇద్దరూ గట్టు మీద కూచుని చూశారు. చెంబులో దోమపిల్లలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఆ రాళ్ల మీదే కదే మేం కూచుని అన్నం తినేది," అంది గురవమ్మ.

లేచి చీర దులుపుకుంది. చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లని కేకేసి, ఇవాళ్టి నుంచి సద్ది వేపచెట్టు కింద పెట్టుకోమంది. ఎందుకని వాళ్లడిగితే, "చెప్పినట్టు చెయ్యండి, తర్వాత చెప్తా," అంది. ఆ సంచిలోవి బావికి దూరంగా గోతిలో పారబోయించి, కోటిరత్నాన్ని ఊళ్లోకి తీసుకుపోయింది. కుళాయిలొచ్చాక వాడకం పోయిన మంచినీళ్ల బావి ఒకటుంది. దాని చుట్టూ కట్టిన వొర కూలి అవే చిల్లులరాళ్లు కుప్పగా పడి ఉన్నాయి. చేలకి దూరం, మందు వాసన ఎరగని చోటు. "ఇయ్యి మా అమ్మమ్మలు తాగిన నీళ్లల్లో నానినయ్యే. తీసకపో," అంది గురవమ్మ.

మళ్లీ నిమ్మకాయ, మళ్లీ బ్రష్షు, మళ్లీ ఎండ, మళ్లీ వేడినీళ్లు. ఈసారి బకెట్లో నీళ్లు పోశాక ముందు దోమపిల్లల్ని వేసింది. తెల్లారి చూస్తే అవి రాయి చిల్లుల్లోంచి దూరి బయటికొచ్చి ఆడుకుంటున్నాయి.

ఇక నిలబెట్టడం. రాళ్లకి మొనలున్న చోట ఇంకో రాయితో అరగదీసింది, చేపకి గీరుకోకుండా. తర్వాత నేల మీద పేర్చి చూసింది. మూడు పెద్దవి కింద, వాటి సందున రెండు, పైన ఒకటి. చూడ్డానికి బాగుంది. వేలితో తోస్తే పైది కదిలింది. సందులో చిన్నరాయి దోపి మళ్లీ తోసింది. మళ్లీ కదిలింది. సిమెంటు పెడదామంటే అందులోనూ సున్నమే. ఖాజావలి అద్దాలతికే జిగురుందన్నాడు గాని, నానిన రాయికి అది పట్టదనీ, ఆరేదాకా నీళ్లు పొయ్యకూడదనీ అన్నాడు. అంత వ్యవధి లేదు.

ఆమె రాళ్లని అటూ ఇటూ తిప్పి చూస్తూ కూచుంది. ఒక రాయి చిల్లు ఇటు నుంచి అటు వెలుగు కనపడేట్టు ఉంది. పక్క రాయికీ అలాంటిదే. దాన్ని దీన్ని ఎదురుబొదురు పెట్టింది. బస్తా మూతిలాగే ఉంది, రెండు పెదాలు కలపడమే.

లేచి అటక మీద డబ్బాలోంచి దబ్బనం తీసింది. జనపతాడు నీళ్లలో కుళ్లుతుందని నైలాన్ దారం తెప్పించింది. దబ్బనానికి ఎక్కించి ఈ రాయి చిల్లులోంచి ఆ రాయి చిల్లులోకి, మళ్లీ వెనక్కి. బస్తాకైతే కుట్టుకొక గుంజు గుంజితే సరిపోయేది. ఈ దారం జారుడుది, ముడి నిలవలేదు. రెండు ముడులు వేసి, కొసని అగ్గిపుల్లతో కాల్చింది. అది కరిగి పూసలా గట్టిపడ్డాక లాగి చూస్తే జారలేదు. చేతులు పని మర్చిపోలేదు. మధ్యాన్నానికి రాళ్లన్నీ ఒకే ముద్దయ్యాయి, సందులు సందుల్లాగే ఉన్నాయి.

దాన్ని ఒక్కతే ఎత్తలేకపోయింది. ప్రేమదాసు నిద్ర లేచి వచ్చి చూసి, "పగిలితే నన్ననొద్దు," అంటూనే రెండోపక్క పట్టాడు. చేపల్ని చెరో బకెట్లోకి మార్చి మూతలు పెట్టారు. నీళ్లు చాలావరకు తోడేసి, ఇసక ఒకపక్కకి నెట్టి, అడుగున థర్మాకోలు ముక్క వేసి, రాళ్లని దాని మీదే దించారు.

"ఇసక మీద పెట్టొచ్చుగా, మెత్తగా ఉండుద్ది."

"తవ్వుద్ది. ముందు రాయి, తర్వాత ఇసక." ఆమె ఇసకని చుట్టూ కప్పి, రెండు చేతులతో గుట్టని పట్టుకుని గట్టిగా ఊపింది. బల్ల కిర్రుమంది గాని రాయి కదల్లేదు. అప్పుడు నీళ్లు పోసింది.

పెద్దచేప వదలగానే తిరిగొచ్చి రాళ్ల కింద ఇసక తవ్వడం మొదలెట్టింది. నోటినిండా తీసి అవతల ఊసేది. రెండురోజులు అదే పని. అడుగున థర్మాకోలు తెల్లగా బయటపడింది. గుట్ట మాత్రం అలాగే ఉంది. చిన్నది సందులోకి పోయి కనిపించడం మానేసింది. మేత వేస్తే అన్నీ పెద్దదే తినేది. అది లోపల బతికుందో లేదో కోటిరత్నానికి తెలీలేదు. రాళ్లు తీసి చూడాలని చేతులు లాగేవి. తీస్తే మళ్లీ బెదురుతుందని చేతులు కట్టుకుని ఓర్చుకుంది.

ఆదివారం వచ్చింది. ఆరాధన నుంచి తిరిగొస్తూ ప్రేమదాసు ఎవరి దగ్గరో మూత ఉన్న పెయింటు బకెట్ అడిగి తెచ్చాడు. తెల్లచొక్కా విప్పకుండానే తొట్టి ముందు వంగాడు.

"రెండోది ఏదీ?"

"లోపల."

"ఉందంటావా?"

కోటిరత్నం మేత డబ్బా అతని చేతికిచ్చింది. జెస్సీ పోయాక అతనా డబ్బా ముట్టుకోవడం అదే మొదలు. ఎంత వెయ్యాలో తెలియక చిటికెడు తీసి ఒక పక్కన చల్లాడు. పెద్దది ఉరికింది. ఇంకో చిటికెడు, ఆమె వేలు చూపించిన చోట, రాళ్ల వెనక చల్లాడు. రంగు గింజలు మెల్లగా దిగాయి.

అడుగు సందులోంచి చారల మొహం ఒకటి బయటికొచ్చింది. ఒక గింజ పట్టుకుని లోపలికి పోయింది. పెద్దది చూసి ఉరికొచ్చి ఆ సందులో తల పెట్టింది. ఒళ్లు పట్టలేదు. ఈలోగా చిన్నది పై చిల్లులోంచి వచ్చి ఇంకో గింజ అందుకుంది. తోక అంచున సన్నగా, గాజులాంటి కొత్తచర్మం మొలుస్తోంది.

ప్రేమదాసు ముక్కు అద్దానికి ఆనింది. "తింటోంది," అన్నాడు.

"కాస్తే వెయ్యి, ఎక్కువైతే నీళ్లు పాడైపోతయి," అని కోటిరత్నం అన్నం వార్చడానికి లోపలికి వెళ్లింది.