డెల్మర్ కారుకి బార్లు

కారుకి ఇనుప కడ్డీలు ఎంచుకోవడానికి అమెరికాలోని ఒహాయోలో డెల్మర్ హాఫ్‌మన్ ఇరవయ్యేళ్లు తీసుకున్నాడు. సరే, ఇరవై కాదు, మూడేళ్లే. కానీ భార్య లొరెయిన్‌ని అడిగితే ఇరవయ్యే అంటుంది.

అతని పాత షెవెల్ కారుకి బలం ఎక్కువ. యాక్సిలరేటర్ తొక్కగానే వెనక స్ప్రింగులు మెలిపడి చక్రాలు కుందేళ్లలా గెంతేవి. ఆ గెంతు ఆపడానికి కింద బిగించే కడ్డీలే ట్రాక్షన్ బార్లు. అవి లేక ప్రతి రేసులోనూ బావమరిది వర్జిల్ చేతిలో ఓడిపోతున్నాడు. రేసు మైదానంలో ఒకడు పొట్టివి బోల్టులతో బిగించమంటాడు, ఇంకొకడు పొడుగువి వెల్డింగ్ చేయించమంటాడు. డెల్మర్ ఇద్దరికీ తల ఊపి వచ్చేస్తాడు.

ఆ రాత్రి భోజనం చల్లారిపోతోంది.

"పొట్టివైతే ఎప్పుడైనా ఊడదీసుకోవచ్చు. పొడుగువైతేనా..."

"నన్ను చేసుకునేటప్పుడు ఇంత ఆలోచించావా, డెల్మర్?"

"అప్పుడు ఎంచుకోవడానికి ఇంకెవరున్నారు?"

"నాకూ అదే గతి పట్టింది!"

మర్నాడు లొరెయిన్ తనే షాపుకి వెళ్లి పొట్టివి తెచ్చి, అతని కాళ్ల దగ్గర పడేసింది. "బిగించు. లేకపోతే కారు మా తమ్ముడికి ఇచ్చేస్తా." బిగించేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

ఆదివారం రేసులో షెవెల్ గెంతకుండా దూసుకుపోయింది. ఓడిపోయిన వర్జిల్ ఆయాసపడుతూ వచ్చాడు.

"బావా, ఏ బార్లు వేశావు? అక్క తెచ్చిందటగా?"

"బార్లా? నా కారుకి బార్లేమిటి? మీ అక్క ఆ షాపు గడపే తొక్కలేదు. అదంతా నా కాలి పనితనం!" అంటూ డెల్మర్ కారు కింద బార్లు కనపడకుండా అడ్డంగా నిలబడ్డాడు.