ఒక్క పేరు మరిచిన పాపానికి

సుగుణమ్మ టీచరు గారు మొన్న మంగళవారం ప్రభువునందు నిద్రించారు. రావులపాలెం బస్టాండులో ఉండగా ఫోనులో ఆ వార్త విన్నాను. ఎనభై ఒకటో ఏట పోయారు, నిండు జీవితమే కదా అని పక్కనున్నాయన ఓదార్చాడు. ఏం నిండు? చివరి రెండేళ్ళూ ఆమె బతికారనడానికి నాకు నోరు రావడం లేదు. ఆమెకు ఆ దుర్గతి పట్టించినవారిలో అగ్రగణ్యుణ్ణి నేను. కనుక ఇది స్తోత్రపాఠం కాదు. మా చర్చి సంఘ కార్యదర్శిగా, ఆమె శిష్యుడిగా నేను చెప్పుకోవలసిన తప్పు.

పి.గన్నవరం దగ్గర మా ఊళ్ళో ఆమె చేత అక్షరాలు దిద్దించుకోని ఇల్లు లేదు. హాజరుపట్టీ తెరవకుండానే హాజరు వేసేవారు. తరగతి మొత్తాన్ని ఒకసారి కలయజూసి, "శాంతకుమారి రెండ్రోజుల్నించి రాలేదేంటర్రా?" అనేవారు. సాయంత్రానికి గొడుగు పట్టుకుని ఆ పిల్ల ఇంటి ముందు ప్రత్యక్షం. అలా వస్తారన్న భయంతోనే మేము బడి మానేవాళ్ళం కాదు.

పదవీ విరమణ తర్వాత ఆదివారం ఆరాధనలో విజ్ఞాపన ప్రార్థన ఆమె వంతైంది. జబ్బుపడినవారు, పురిటికి వెళ్ళినవారు, పొట్టకూటికి గల్ఫ్ వెళ్ళినవారు, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవారు, ఇలా దాదాపు రెండు వందల ఇళ్ళ బాగోగులు చేతిలో కాగితం ముక్క లేకుండా దేవునికి విన్నవించేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఈ వయసులో ఇంత జ్ఞాపకశక్తి ఎలాగండీ టీచరు గారూ? బాదంపప్పులేమైనా తింటారా?"

"బాదంపప్పులూ లేదు, నీ మొహమూ లేదు. వాళ్ళిళ్ళకెళ్ళి మంచినీళ్ళడిగి తాగుతానురా ప్రసాదూ. నీళ్ళు తాగిన ఇంటి పేరు ఎలా మర్చిపోతాం?"

డెబ్బయ్యో పడిలో అరబ్బీ మొదలుపెట్టారు! కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి తిరిగొచ్చిన మా నాగమణిని అరుగు మీద కూర్చోబెట్టి, ఒక్కొక్క మాటా అడిగి నేర్చుకుని, కొత్తగా వెళ్ళబోయే ఆడపిల్లల చేత వల్లె వేయించేవారు. "'అనా తాబానా' అనాలమ్మా. నాకు ఒంట్లో బాగోలేదని. మిగతావి మర్చిపోయినా ఇది మాత్రం మర్చిపోకు," అనేవారు. ఇప్పుడీ శ్రమ ఎందుకండీ అన్నవాళ్ళకు ఒకటే జవాబు. "బుర్ర పాడి గేదె లాంటిదండీ. పితకడం మానేస్తే వట్టిపోద్ది."

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో ఆమె ఆగిపోయారు. ఏదో పేరు కోసం వెతుక్కున్నారు. దొరకలేదు. ఆమేన్ అనేసి కూర్చున్నారు. ఆ మధ్యాహ్నమే ఒక పెద్దమనిషి మా ఇంటికొచ్చి, "మా అమ్మ అమలాపురం ఆసుపత్రిలో ఉంటే మా పేరే ఎత్తలేదేంటండీ? మేం సంఘంలో లేమాండీ?" అని నిలదీశాడు. అతను ఇంటికి వెళ్ళేసరికి టీచరు గారు అక్కడే ఉన్నారట. ఎండనపడి వెళ్ళి, క్షమాపణ చెప్పి, మంచినీళ్ళు తాగి, ముసలామె మనవల పేర్లు కూడా కంఠస్థం చేస్తున్నారట. "మర్చిపోవడం జబ్బు కాదు బాబూ. మర్చిపోయింది వెతుక్కోకపోవడమే జబ్బు," అన్నారట. అతని కోపం అక్కడితో చల్లారింది. మా బుద్ధే చల్లారలేదు.

కమిటీ కూర్చుంది. పెద్దవారైపోయారు, ఇంకెప్పుడైనా పొరపాటు జరిగితే ఆమెకే చిన్నతనం, ఘనంగా సన్మానించి విశ్రాంతినిద్దాం, పేర్లు ప్రొజెక్టరు తెర మీద వేద్దాం అన్నారు. ఆ మాట అన్నది ఎవరో కాదు, నేనే. చెప్పడానికి వెళ్ళిందీ నేనే.

"తప్పు చేసేననా, ముసలిదాన్నయ్యేననా?" అని సూటిగా అడిగారు.

"అబ్బే, గౌరవమండీ."

"గౌరవమా?" అని లేచి నిలబడ్డారు. "సరే, కానీండి," అన్నారు. నన్ను 'అండి' అనడం అదే మొదటిసారి.

శాలువా కప్పాం, దండ వేశాం, ముందు వరసలో మెత్తటి కుర్చీ వేశాం. విశ్రాంతి ఆమె హక్కు అని నేను గొంతు చించుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. మేం పెట్టింది సాంబ్రాణి పొగ, అంతే తేడా.

పేర్లతో పని లేకపోయాక ఇళ్ళకు వెళ్ళే పనీ లేకుండా పోయింది. ఆమెను చూసుకునే చెల్లెలి కొడుకు విజయ్ మంచివాడే. "ఎండలో ఇళ్ళమ్మటా తిరగడమేంటి పెద్దమ్మా, జనం నన్నంటారు," అని గొడుగు అటక మీద పెట్టేశాడు. ఆదివారం తెర మీద పేర్లు వస్తుంటే ఆ కుర్చీలో ఆమె పెదవులు కదలడం నేను చూసేవాణ్ణి. మొదట్లో తెరకంటే ఒక పేరు ముందుండేవారు. కొన్ని నెలలకు తెరతోపాటు పలికేవారు. తర్వాత తెర వెనక. ఆ తర్వాత పెదవులు కదలడం ఆగిపోయింది. అంతా చూస్తూనే ఉన్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. "జబ్బు ఎందుకొచ్చిందో ఇదమిత్థంగా చెప్పలేమండి. కానీ ఆవిడ పని మాన్పించకుండా ఉండాల్సింది," అన్నాడాయన. మొదటి వాక్యం పట్టుకుని నేను తప్పించుకోవచ్చు. రెండోది వదలడం లేదు.

చివరిసారి చూడబోతే, "ఎవరబ్బాయివి బాబూ?" అన్నారు. పేరు చెప్పాను. ఆలోచించి, ఆలోచించి, "మీ ఇంట్లో మంచినీళ్ళు తాగేనా?" అని అడిగారు.

"ఆయ్, తాగేరండి," అన్నాను.

బుధవారం భూస్థాపన జరిగింది. ఆదివారం ఆరాధనలో ఎప్పటిలాగే తెర మీద పేర్లు వచ్చాయి. 'స్వస్థత కోసం' అన్న శీర్షిక కింద మూడో పేరు సుగుణమ్మ టీచరు గారిది. పాత జాబితా మార్చలేదు. మార్చవలసినవాణ్ణి నేనే. నాలుగు రోజుల క్రితం మేమే మట్టి వేసి వచ్చిన మనిషికి ఆరోగ్యం ప్రసాదించమని సంఘమంతా ముక్తకంఠంతో ఆమేన్ అంది. ఎవ్వరూ అదేమని అడగలేదు.

చర్చి మెట్ల దగ్గర నాగమణి మాత్రం నా దారికి అడ్డొచ్చింది. కళ్ళనిండా నీళ్ళు.

"టీచరు గారు ఒక్క పేరు మర్చిపోతే శాలువా కప్పి కూచోబెట్టేరు కదండీ. మరి మీకెప్పుడు కప్పుతారండీ?"

టీచరు గారూ, మీకు సాటివచ్చేవారు మాకిక దొరకరు. మీ కుర్చీ ఖాళీ అయి వారమే అయింది. మీ పని మాత్రం రెండేళ్ళుగా ఖాళీగా ఉంది, దాన్ని ఖాళీ చేయించినవాణ్ణి నేను. దండం పెట్టడానికి చేతులెత్తుతున్నాను, తలెత్తలేకపోతున్నాను.