తాపీలో పడవలు ఆగిన ఆదివారం

ఏ ప్రమాదమూ జరగని రోజున, ప్రమాదం జరుగుతుందని మనల్ని ఆపినవాడు సరైన పనే చేశాడని ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ధర్మపురిలో గోదావరి దాటడానికి పడవెక్కబోతుంటే ఒక కానిస్టేబుల్ గాలి లేస్తోందంటూ తాడు అడ్డం కట్టాడు. సాయంత్రం దాకా గట్టు మీదే కూర్చున్నాం. గాలి లేవలేదు, ఆకు కూడా కదల్లేదు. తిరుగు బస్సులో నాన్న "ఏం గాకపోయేటిదానికి ఆపిండు" అంటే అమ్మ "ఆపిండు గాబట్టే ఏం గాలే" అంది. కరీంనగర్ వచ్చేదాకా ఇద్దరూ ఆ రెండు మాటలే తిప్పి తిప్పి అనుకున్నారు. నేను మధ్య సీట్లో కూర్చుని ఇద్దరి మాటా నిజమే అనుకున్నాను. సూరత్‌లో మొన్నటి ఆదివారం గడిచాక కూడా అక్కడే కూర్చున్నట్టుంది.

సూరత్ వెళ్ళింది విమానాల ప్రదర్శన చూడటానికి కాదు. మా చిన్నమ్మ లచ్చవ్వ భర్త, అంటే మా చిన్నాయన, పోయాడు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదేళ్ళకే వచ్చి, మొదట బమ్రోలిలో, తర్వాత భేస్తాన్‌లో మగ్గాల మీద బతికిన మనిషి. సికింద్రాబాద్ నుంచి రైల్లో దాదాపు రోజంతా పడుతుంది. ఏసీలో మూడో తరగతి టికెట్ పదిహేను వందల లోపే దొరికింది. శనివారం దిగేసరికి ఊరంతా నీలిరంగు ఫ్లెక్సీలు. తాపీ నది మీద ఆదివారం మధ్యాహ్నం విమానాల విన్యాసాలు, ప్రవేశం ఉచితం. నిజం చెప్పాలంటే నాకు లోపల చిన్న ఉత్సాహం కలిగింది. వచ్చింది ఏ పనికి, కలిగింది ఏ ఉత్సాహం అని వెంటనే సిగ్గూ వేసింది.

చిన్నాయన పోయేముందు తన అస్థికల విషయంలో ఒకటే కోరాడట. "సగం గోదాట్ల, సగం తాపీల కలపుండ్రి. తాపీల మాత్రం నడిమిట్ల కలపాలె, ఒడ్డుకు కలిపితే చెత్తల తట్టుకుంట." మగ్గాలు బందుండే ప్రతి ఆదివారం ఆయన ఉమ్రా వైపు ఘాట్‌కి పోయి కూర్చునేవాడు. ఒడ్డున పేరుకునే పూలదండలు, ప్లాస్టిక్ కవర్లు వారం వారం చూసినవాడు. అందుకే ఆ షరతు. సోమవారానికి సిరిసిల్ల దగ్గరి పల్లెలో ఉంటే తప్ప మంగళవారం పెద్దకర్మ పనులకు సమయం చాలదు. కాబట్టి ఆదివారం రాత్రి ఎనిమిదింటికి వాళ్ళకు సిరిసిల్ల బస్సు, ఆ తర్వాత నాకు రైలు. తాపీ వాటా ఆ లోపే కలపాలి. ఉమ్రా దగ్గర చేపల పడవ నడిపే కనుభాయి చిన్నాయనకు తెలిసినవాడే. సముద్రం దగ్గర కాబట్టి అక్కడ తాపీకి ఆటుపోట్లు ఉంటాయి. రెండు గంటలకు పోటు నిండుతుంది, పన్నెండింటికి రండి, నీళ్ళు బాగుంటాయి అని అతనే చెప్పాడు.

ఆదివారం పొద్దున భేస్తాన్ స్టేషన్ బయట నేను ఒక్కదాన్నే లోచో తిన్నాను. ఇంట్లో వాళ్ళు బయటిది ముట్టరు. ఆవిరి మీద ఉడికించే శనగపిండి ఖమన్ చేయబోతే పాకం తప్పి తయారైన వంటకమట ఇది. పైన నూనె, కారప్పొడి, సన్న కారప్పూసలాంటి సేవ్, పక్కన ఉల్లిపాయ. ప్లేటు నలభై రూపాయలు. బండి అతన్ని పడవల గురించి అడిగితే "ఆజ్ తో సబ్ ఊపర్ దేఖేంగే, బెన్, నీచే కౌన్ దేఖేగా" అని నవ్వాడు. ఈ రోజు అందరూ పైకే చూస్తారక్కా, కిందికి ఎవరు చూస్తారు అని. ఆ మాట అర్థం అప్పుడు నాకు తట్టలేదు.

పదకొండు దాటాక బయల్దేరాం. చిన్నమ్మ, ఆమె కూతురు మమత, నేను. మమత ఒక్కతే బిడ్డ, తండ్రికి తలకొరివి పెట్టింది తనే. రింగ్ రోడ్‌లో చీరల హోల్‌సేల్ దుకాణంలో బిల్లింగ్ చేస్తుంది. పుట్టి పెరిగింది ఇక్కడే. ఆటో అతను బమ్రోలిలో ఉంటాడు, మన తెలుగువాడే. మామూలు రోజుల్లో ఉమ్రాకు నూటయాభైకి మించదు, అరగంట దారి. ఆ రోజు అఠ్వా దగ్గర రోడ్లు కట్టేశారని రెండు వందలడిగాడు.

"విమానాలు చూడవోతున్నరా అత్తమ్మా?" అన్నాడు అద్దంలోంచి.

చిన్నమ్మ ఒళ్ళో ఎర్రగుడ్డ కట్టిన చిన్న మట్టికుండ ఉంది. "ఆ. మీ మామను కూడా పట్టుకపోతున్న, సూపిద్దామని" అంది.

అతను ఒకసారి వెనక్కి చూసి, బండి పక్కకు ఆపి దండం పెట్టాడు. దిగాక డబ్బులు తీసుకోనంటే చిన్నమ్మే చేతిలో కుక్కింది.

ఘాట్ మెట్ల దగ్గర ఇనుప బారికేడ్లు, వాటి వెనక నైలాన్ తాడు. పడవలన్నీ ఒడ్డుకు వరసగా కట్టేసి ఉన్నాయి. కనుభాయి తన పడవ పక్కన నిలబడి చేతులు తిప్పాడు. విమానాలు వచ్చేటప్పుడు మాత్రమే ఆపుతారనుకున్నాడట, పన్నెండు నుంచి ఆరింటిదాకా నది మొత్తం బందు అని తెలియదట. మేం చేరేసరికి పన్నెండు దాటి పావుగంట.

చిన్నమ్మ మమత వైపు తిరిగింది. "నువ్వు పేపర్ల సూసిన అంటివి గదనే?"

"చూసిన అమ్మా. నౌకావిహార్ బంద్ అని రాసిండ్రు. నేను టూరిస్ట్ బోట్ అనుకున్న. ఫరవా జానేవాలే కే లియే అనుకున్న. మనం తిరగనీకె పోతున్నమా?"

ఆ ఇంట్లో గుజరాతీ మాట అందరికీ వచ్చు. చదవడం మమతకొక్కదానికే వచ్చు. ముప్పై ఏళ్ళుగా కరెంటు ఏ రోజు పోతుందో, మిల్లు ఏ రోజు బందో అన్నీ ఎవరో ఒకరు నోటితో చెబితేనే తెలిసిన ఇల్లు అది. ఈసారి చదివిన పిల్ల ఉంది, చదివింది కూడా. కానీ నదిలో వాళ్ళ పని విహారం కాదు కాబట్టి ఆ ప్రకటన తమకు కాదనుకుంది. ఆమె స్థానంలో నేనున్నా అలాగే అనుకునేదాన్ని.

బారికేడ్ దగ్గర ఒక మహిళా ఎస్సై ఉంది, ముప్పై దాటి ఉండవు. కుండ చూడగానే టోపీ సర్దుకుని గొంతు తగ్గించింది. చిన్నమ్మను బా, అంటే అమ్మా, అని పిలుస్తూ హిందీలోనే మాట్లాడింది.

"బా, మెట్ల మీంచి కలపండి, నేను ఆపను. పడవ మాత్రం కుదరదు."

"ఒడ్డుకు వద్దన్నడు ఆయన. నడిమిట్లకు పోయి వస్తం. పది నిమిషాలు. విమానాలు మూడింటికి గద?" చిన్నమ్మ హిందీలో సగం తెలుగే.

"ఇప్పుడు ఒక్క పడవ వదిలితే వెనక యాభై వస్తాయి బా. అందరూ దగ్గరగా చూడాలనే. విమానాలను నీళ్ళ మీదే ఎందుకు తిప్పుతారనుకున్నారు? ఏదైనా పడితే మనుషుల మీద పడకూడదని. కింద మళ్ళీ మనుషులే ఉంటే ఇంక నీళ్ళెందుకు?"

"పడితే మా ఆయన మీద పడుతది. ఆయనకు ఇంక ఏమైతది?"

ఎస్సైకి నవ్వు వచ్చింది, ఆపుకుంది. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు. అప్పుడు ఆ అమ్మాయే ఒక దారి చెప్పింది. ప్రదర్శనకు ముందు రక్షణ సిబ్బంది నారింజరంగు రబ్బరు పడవ చివరిసారి నదంతా తిరిగి ఖాళీగా ఉందో లేదో చూస్తుందట. కుండ వాళ్ళకిస్తే సరిగ్గా నడిమధ్యలో వదులుతారు. మేం ఎవరం ఎక్కకూడదు. ఒడ్డు నుంచి చూడొచ్చు.

"ఇచ్చేద్దాం అమ్మా," అంది మమత. "బాపు నడిమిట్ల అన్నడు. నడిమిట్ల అయితది."

"ఎవరో బూట్లేసుకొని, జాకెట్లేసుకొని, మీ బాపును పారేసొస్తరా? సొంతచెయ్యి లేకుంటనా?"

"చెయ్యి గురించి బాపు ఏం చెప్పలే. నడిమిట్ల అనే చెప్పిండు."

"అన్నీ చెప్పాల్నా? కొన్ని చెప్పకున్నా ఉంటయి."

తల్లీకూతుళ్ళు ఇద్దరూ నావైపు చూశారు. "సదువుకున్నదానివి, నువ్వు చెప్పు బిడ్డా," అంది చిన్నమ్మ. చిన్నాయన అడిగింది చోటు. చిన్నమ్మ అడుగుతున్నది చేయి. రెండూ న్యాయమే. ఒకటి దక్కాలంటే రెండోది పోతుంది. "నాకు తెలుస్తలేదు చిన్నమ్మా" అన్నాను. మేం ఇంకా మాట్లాడుకుంటుండగానే నారింజరంగు పడవ మోటారు శబ్దంతో మెట్లు దాటిపోయింది. ఎస్సై వాచీ చూసుకుని, అదే చివరి చుట్టు అన్నట్టు మా వైపు చూసింది. ఆరింటికి వదిలాక పోదామని చిన్నమ్మ మెట్ల పైన నీడలో కూర్చుంది.

ప్రదర్శన గురించి చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది దాని కోసమే ఇది చదువుతుంటారు. మూడు దాటాక మొదలైంది. ముందు శబ్దం రాదు. విమానాలు వచ్చేస్తాయి, శబ్దం వాటి వెనక పరుగెత్తుకొస్తుంది. రెక్కకు రెక్క ఆనినట్టు ఒక గుంపుగా వచ్చి, నది మీద ఒరిగి, రంగుపొగలు వదిలి విడిపోయాయి. ఒడ్డు మీద వేలమంది ఒక్కసారిగా ఓ అన్నారు. నిండుగా పోటెక్కిన తాపీలో ఒక్క పడవ లేదు. అంత ఖాళీ నదిని నేను ఎప్పుడూ చూడలేదు. బాగుంది. చాలా బాగుంది. ఒళ్ళో కుండ పెట్టుకున్న మనిషి పక్కన కూర్చుని ఇలా అనిపించొచ్చా అని మధ్యమధ్యలో అనుమానం వచ్చేది. ఇంతలో చిన్నమ్మే నా మోచేయి పొడిచింది.

"సూడు బిడ్డా, మగ్గం మీద పడుగు పోసినట్టే ఉన్నది. ఒక్క పోగు తెగలే." ఆమె కుండను కొంచెం పైకి ఎత్తి పట్టుకుని ఉంది.

సగంలో ఉన్నట్టుండి ఆట ఆగింది. విమానాలు పైకి లేచి దూరంగా గుండ్రంగా తిరగసాగాయి. మైకులో గుజరాతీలో ఏదో గట్టిగా చెప్పారు. అవతలి ఒడ్డు నుంచి ఒక చిన్న పడవ నడిమధ్యకు వచ్చేసిందని మమత చెప్పింది. నారింజరంగు పడవ ఎగురుకుంటూ పోయింది. అందరం మునివేళ్ళ మీద నిలబడ్డాం. పడవలో ఎవరూ లేరు. నీళ్ళు పెరిగేసరికి కట్టు వదులై కొట్టుకొచ్చిందట. దాన్ని లాక్కుపోయేదాకా, ఒక పది నిమిషాలు, విమానాలు ఆకాశంలో ఎదురుచూశాయి.

మమత ఎస్సై దగ్గరకు నేరుగా నడిచింది. "ఖాళీ పడవకు పది నిమిషాలు ఆగిండ్రు కదా మేడం. మా బాపు కోసం ఆగేది లేకుండెనా?"

"ఆగాల్సి రావద్దనే ఆపేది," అంది ఎస్సై. ఆమెకు కూడా ఆ మాట సరిపోయినట్టు అనిపించలేదు. మమతకు మంచినీళ్ళ సీసా ఇచ్చింది. మమత తీసుకుంది, తాగలేదు.

ఏదీ పడలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆరింటికి తాడు విప్పారు. జనం వెళ్ళిపోయారు, కానీ నీళ్ళు కూడా వెళ్ళిపోయాయి. ఆటు వచ్చి, మెట్ల కింద మోకాలిలోతు నల్లబురద తేలింది. కనుభాయి పడవ దాంట్లో పక్కకు ఒరిగి కూర్చుంది. అతను, ఇంకో ఇద్దరు కలిసి తోశారు. కదల్లేదు. మళ్ళీ పోటు రావాలంటే అర్ధరాత్రి దాటాలన్నాడు. బస్సు ఎనిమిదింటికి.

చిన్నమ్మ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని బురదలోకి దిగింది. మమత వెనకే దిగి ఆమె రెక్క పట్టుకుంది. నేను మెట్టు మీద ఒక కాలు, బురదలో ఒక కాలు పెట్టి నిలబడ్డాను. నీరు పారుతున్న చోటుకి, అది నడిమికి చాలా ఇవతలే, చేరాక మమత కుండ వంచింది. బూడిద కొంత నీళ్ళలో జారింది. కొంత బురద అంచున నిలిచిపోయింది. చిన్నమ్మ దోసిలితో నీళ్ళు తీసి, పసిపిల్లకు స్నానం చేయించినట్టు, దాన్ని మెల్లగా కిందికి తోసింది. మళ్ళీ తీసింది, మళ్ళీ తోసింది.

ఓదార్పుగా కావచ్చు, కనుభాయి గట్టు మీంచి అన్నాడు. "మధ్యాహ్నం అయితే పోటు వెనక్కి, ఊరివైపు నెట్టేది బెన్. ఇప్పుడు ఆటు. సీదా దరియాలోకి, సముద్రంలోకే, పోతాడు."

"మంచిదే అయ్యింది," అంది చిన్నమ్మ.

"ఏం మంచిదమ్మా?" అంది మమత. "బాపు దరియా అడిగిండా? తాపీ అడిగిండు. ఈ ఊరు దిక్కు పోతే పోనీయకపోయినవా? ఆ బురదల తట్టుకున్నడు చూడు, గదే వద్దన్నడు."

చిన్నమ్మ నదిలోనే చేతులు కడుక్కుంది. "నడిమిట్లకు తనే పోతడు తీ. దారి తెల్వనోడా?" మమత బస్సెక్కేదాకా తల్లితో మాట్లాడలేదు. బస్సులో మాత్రం కిటికీ సీటు తల్లికే ఇచ్చింది. గోదావరి వాటా కుండ ఇద్దరి మధ్యా పెట్టుకున్నారు.

మీరు ఇలాంటి ప్రదర్శనకు వెళ్తుంటే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. విమానాల సమయం ఒకటి, నదిని మూసే సమయం ఇంకొకటి. మూయడం గంటల ముందే మొదలవుతుంది, తాపీలో ఆ లోపు ఆటుపోట్లు కూడా మారిపోతాయి. ముందురోజే ఘాట్‌కి వెళ్ళి, మూసేది ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఏ పడవలకు అని అక్కడున్న పోలీసునే నోటితో అడగండి. నీళ్ళతో మీకు వేరే పని ఉంటే పొద్దున్నే ముగించుకోండి.

ఇక నా ప్రశ్న. ఆ ఎస్సై తన పని దయగానే చేసింది. ఆ ఖాళీ పడవ స్థానంలో మేం ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ ఖాళీ పడవ కోసం ఆకాశమే ఆగింది కదా అని తలచుకుంటే మమత కోపం నాకూ వస్తుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేయడం లేదు. బస్సులో వాళ్ళు వెళ్ళిపోయాక, నా రైలు వచ్చేదాకా, అరికాళ్ళకు ఎండిన తాపీ బురద గోకుతూ ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాను. అమ్మ మాట నిజమా, నాన్న మాట నిజమా, నాకు ఇంకా తెలియదు. ఆ రోజు నన్నడిగినప్పుడు కుండ ఇవ్వమని చెప్పాల్సిందా, ఇవ్వొద్దని చెప్పాల్సిందా, అదీ తెలియదు.